విండ్‌సర్ఫింగ్ శిక్షణ బాగుంది, దారి పాఠం మాత్రం ఆలస్యంగా అందింది

మార్చి చివరి వారంలో ఋషికొండ తీరాన ఐదు రోజులపాటు విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో సాగే ఆట) ప్రాథమిక శిక్షణ తీసుకున్నాను. ఇంటర్ పరీక్షలు ముగించుకున్న మా మేనల్లుడు కూడా నాతోపాటు చేరాడు. అతడికి పదిహేడేళ్లు, నాకు నలభై నాలుగు. ఇద్దరికీ ఈత వచ్చు, ఇద్దరికీ తెరచాప కొత్త. శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నీటి మీద ఎదురుపడినప్పుడు ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో మొదట్లోనే నేర్పకపోవడమనే, నేను చెప్పబోయే లోపాన్ని వారు మా కళ్ల ముందే ఒప్పుకొని సరిదిద్దుకున్నారు. పైగా అదే లోపం మరెన్నో చోట్ల ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఎక్కడ నేర్చుకున్నా ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

సౌకర్యాల గురించి ఎక్కువగా చెప్పాల్సింది లేదు. లైఫ్ జాకెట్లు కొత్తవి, పట్టీలు గట్టిగా ఉన్నాయి, ప్రతి ఒక్కరికీ కొలత చూసి ఇచ్చారు. నీళ్లలో మేము ఉన్నంతసేపూ ఒక మోటారు పడవ దగ్గరలోనే తిరుగుతూ ఉండేది. బట్టలు మార్చుకునే గది ఇరుకుగా ఉంది కానీ శుభ్రంగానే ఉంది. రుసుము బృందాన్ని బట్టి, రోజులను బట్టి మారుతోంది కాబట్టి అంకె రాసి ఎవరినీ తప్పుదారి పట్టించను. బోర్డు, తెరచాప అద్దె అందులోనే కలిసి ఉంటుందా అన్నది మాత్రం ముందే అడగండి. మాకు కలిసే ఉంది.

బోర్డు మీద నిలబడటం నేర్పిన పద్ధతి చాలా బాగుంది. మొదటి పూట ఇసుకలోనే ఒక పాత బోర్డు పెట్టి, తెరచాపను నిలబెట్టే కొయ్య అడుగున ఎటు కావాలంటే అటు తిరిగే కీలు ఎలా పనిచేస్తుందో చూపించి, నీళ్లలో పడి ఉన్న తెరచాపను తాడు పట్టుకుని నడుము వంచకుండా మోకాళ్ల బలంతో ఎలా లేపాలో ఒక్కొక్కరి చేతా పదిసార్లు చేయించారు. రెండో రోజు సాయంత్రానికి నేను ఒడ్డు కెరటాలు దాటిన తరువాత వంద గజాలు నిలకడగా వెళ్లి, తిప్పుకుని రాగలిగాను. నా వయసు చూసి శిక్షకుడు ఎక్కడా తొందరపెట్టలేదు, తక్కువ చేసి మాట్లాడనూ లేదు. ఆయన ఓపికకు నా కృతజ్ఞత నిజమైనది. కింద రాసేది చదివినవారు దీన్ని మరిచిపోవద్దని మనవి.

అయితే మొదటి రోజు నీళ్లలోకి దిగే ముందు, ఎదురుగా వేరే పడవ వస్తే ఏం చేయాలని మా మేనల్లుడు అడిగినప్పుడు, వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం: "పెద్ద పడవ కనపడితే మీరే తప్పుకోండి." మాకు అది సహజంగానే తోచింది. రోడ్డు మీద లారీకి స్కూటరు తప్పుకుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లకు చిన్నవాళ్లు దారి ఇస్తారు, కనుక సముద్రంలో కూడా అంతేనని తల ఊపాము. మూడో రోజు నన్ను ప్రమాదం అంచుకు తీసుకువెళ్లింది ఆ వాక్యమే.

సముద్రంలో పడవలు ఢీకొనకుండా 1972లో రూపొంది, 1977 జూలై 15న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నియమావళి ఉంది. దాని దృష్టిలో నీటి మీద ప్రయాణానికి వాడదగిన ప్రతి వాహనమూ ఒక నౌకే. విండ్‌సర్ఫర్‌కు అందులో ప్రత్యేకమైన అధ్యాయం లేదు. గాలితో నడుస్తున్నంతకాలం తెరచాప పడవకు వర్తించే నియమాలే బోర్డుకూ వర్తిస్తాయి. రెండు తెరచాపలు ఎదురైతే ఎవరు తప్పుకోవాలో చెప్పే 12వ నియమంలో పెద్ద, చిన్న అన్న మాటే లేదు. ఉన్నది గాలి ఒక్కటే. ఇద్దరికీ గాలి వేర్వేరు పక్కల నుంచి తగులుతుంటే, ఎడమ పక్క నుంచి గాలి అందుకుంటున్నవాడు తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే పక్క నుంచి తగులుతుంటే, గాలికి ఎగువన, అంటే గాలి వచ్చే వైపు ఉన్నవాడు దిగువన, అంటే గాలి పోయే వైపు ఉన్నవాడికి దారి వదలాలి. ఎడమ గాలి మీద ఉన్నవాడికి ఎగువన ఇంకొక తెరచాప కనిపించి, దానికి గాలి ఏ పక్క నుంచి తగులుతోందో తేలకపోతే, సందేహం పెట్టుకోకుండా తానే తప్పుకోవాలి.

ఇక మూడో రోజు జరిగింది చెబుతాను. ఆ మధ్యాహ్నం నైరుతి నుంచి గాలి చక్కగా వీస్తోంది. నేను ఒడ్డును వెనుక పెట్టుకుని ఆగ్నేయంగా లోపలికి వెళ్తున్నాను, అంటే గాలి నా కుడి పక్క నుంచి తగులుతోంది. అదే సంస్థకు చెందిన చిన్న తెరచాప పడవ ఒకటి, ఇద్దరు విద్యార్థులతో, లోపలి నుంచి ఒడ్డుకు తిరిగి వస్తూ నాకు దాదాపు ఎదురుగా వచ్చింది. దానికి గాలి ఎడమ నుంచి. తప్పుకోవలసింది ఆ పడవే, తప్పుకుంది కూడా. చుక్కాని పట్టుకున్న కుర్రవాడు పాఠం సరిగానే గుర్తుంచుకుని, ముందుగానే తన పడవను గాలికి దిగువకు, అంటే నా ఎడమ వైపుకు మళ్లించాడు.

నా తెరచాప కూడా ఎడమ వైపే ఉంది. విండ్‌సర్ఫర్ ఎప్పుడూ గాలి వచ్చే పక్కన నిలబడి, గాలి పోయే పక్కకు చాచిన తెరచాపను పట్టుకుంటాడు కాబట్టి, ఆ దిగువ వైపంతా ముఖం ముందు గోడ కట్టినట్టు ఉంటుంది. అందుకే తెరచాప మధ్యలో పారదర్శకమైన కిటికీ కుడతారు. నాకిచ్చిన తెరచాప కిటికీ ఉప్పు పేరుకుని, ఇసుక గీతలు పడి, ముగ్గు నీళ్లలోంచి చూసినట్టు మసకగా ఉండేది. పడవ ఆ గోడ వెనక్కి వెళ్లగానే నా చూపు నుంచి తప్పిపోయింది. అది మళ్లిందన్న సంగతి నాకు తెలియలేదు, ఎదురుగానే వస్తోందనుకున్నాను. పెద్ద పడవకు నేనే తప్పుకోవాలన్న మాట గుర్తొచ్చింది. బోర్డును ఎడమకు, అంటే సరిగ్గా అతడు నాకోసం మళ్లిన వైపుకే తిప్పాను.

కొయ్య పక్క నుంచి ఆ పడవ ముక్కు ఒక్కసారిగా బయటపడింది. దాని తెల్లని అంచు మీద పాత తాడు ఒరిపిడికి పడిన నల్లటి చార కూడా నాకు కనిపించింది, అంత దగ్గరగా ఉంది. ఆ కుర్రవాడు చుక్కానిని బలంగా నెట్టి పడవను గాలికి ఎదురు తిప్పాడు. తెరచాపలు పటపటా కొట్టుకుంటూ పడవ వేగం పడిపోయింది. నేను బూమ్ (తెరచాపను పట్టుకునే అడ్డకర్ర) వదిలేసి వెనక్కి నీళ్లలో పడిపోయాను. తలెత్తి చూసేసరికి నాకూ పడవ పక్కకూ మధ్య రెండు బారల దూరం ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పడవలోంచి ఆ కుర్రవాడు వణికే గొంతుతో, "మేడమ్, నేను తప్పుకున్నాను కదా, మీరెందుకు ఇటు వచ్చారు?" అని అడిగాడు. అతడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు, నా దగ్గర మాత్రం సమాధానం లేదు.

ఇక్కడే 17వ నియమం విలువ తెలుస్తుంది. తప్పుకోవలసినవాడికి నియమం ఉన్నట్టే, దారి ఉన్నవాడికీ నియమం ఉంది: తన దిశను, వేగాన్ని మార్చకుండా సాగిపోవాలి. ఎదుటివాడు నా కదలికను లెక్కగట్టి తన దారి ఎంచుకుంటాడు. మధ్యలో నేను మర్యాదకు పోయి మలుపు తిరిగితే అతడి లెక్క మొత్తం తప్పుతుంది. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరిగినట్టే ఇది, కాకపోతే సందులో ఆగి నవ్వుకోవచ్చు, నీళ్ల మీద ఆగడానికి బ్రేకు ఉండదు. ఎదుటివాడు తప్పుకోవడం లేదని స్పష్టమైతే దారి ఉన్నవాడు తానే చర్య తీసుకోవచ్చునని, అతడొక్కడి ప్రయత్నంతో ఢీ తప్పదన్న స్థితి వస్తే తీసుకునే తీరాలని కూడా ఆ నియమమే చెబుతుంది. కాబట్టి ఇది మొండిగా దూసుకుపొమ్మనడం కాదు. చివరి వరకూ చూస్తూ, మాట మీద నిలబడినట్టు దారి మీద నిలబడమనడం.

ఆ సాయంత్రం శిక్షకుడు మా ఇద్దరి మాటా విన్నాడు. తప్పు మీది అని నాతో అనలేదు. మొదటి రోజు తాను చెప్పిన మాటే ఇంతకు కారణమని అందరి ముందూ ఒప్పుకున్నాడు, అలా ఒప్పుకోవడం నాకు ఎంతో గౌరవంగా తోచింది. నాలుగో రోజు ఉదయం గాలి లేవకముందు రెండు గంటలు, నీళ్లలోకి పంపకుండా ఇసుక మీద పాఠం పెట్టాడు. మొత్తం శిక్షణలో అత్యుత్తమమైనది ఆ రెండు గంటలే.

తడి ఇసుక మీద సరుగుడు పుల్లతో పెద్ద బాణం గీసి గాలి అన్నాడు. తన చెప్పులు రెండూ విడిచి, ఎడమ చెప్పును ఎడమ గాలి పడవగా, కుడి చెప్పును కుడి గాలి బోర్డుగా నడిపించాడు. ఆపైన మమ్మల్ని బూమ్ పట్టుకున్నట్టు నిలబెట్టి, కొయ్యకు దగ్గరగా ఏ చెయ్యి ఉందో చూసుకోమన్నాడు. కుడి చెయ్యి ముందుంటే కుడి గాలి, అంటే ఎదురయ్యే ఎడమ గాలివాడు మనకు తప్పుకోవాలి. ఎడమ చెయ్యి ముందుంటే మనమే తప్పుకోవాలి. పడవలో కూర్చున్నవాడు తెరచాప ఏ పక్కకు వాలిందో చూసి తేల్చుకోవాలి, విండ్‌సర్ఫర్‌కు మాత్రం జవాబు చేతుల్లోనే ఉంటుంది. అంత సులువైన గుర్తును మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మా మేనల్లుడు అక్కడే ఒక సంగతి పట్టుకున్నాడు. "అత్తా, మన ఒడ్డున నైరుతి గాలి రోజుల్లో లోపలికి వెళ్లేవాళ్లందరిదీ కుడి గాలే, తిరిగొచ్చేవాళ్లందరిదీ ఎడమ గాలే కదా?" అన్నాడు. నిజమే. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, వేసవి గాలి ఇంచుమించు ఒడ్డు వెంటే వీస్తుంది. కాబట్టి మార్చి నుంచి ఇక్కడ నేర్చుకునేవారికి, ఒడ్డుకు తిరిగి వచ్చేవాడే కళ్లు విప్పుకుని తప్పుకుంటూ రావాలన్నది రోజువారీ లెక్క. ఈశాన్య గాలి తిరిగే నవంబరు, డిసెంబరు నెలల్లో ఇది పూర్తిగా తారుమారవుతుంది. అలిసిపోయి, ఒడ్డు చేరితే చాలనుకుని తిరిగి వచ్చే సమయంలోనే తప్పుకోవలసిన భారం మన మీద ఉంటుందన్న ఈ స్థానిక సత్యాన్ని ఏ పుస్తకమూ చెప్పదు. ఇకమీదట ప్రతి బృందానికీ చెబుతానని శిక్షకుడు అన్నాడు.

దాటిపోవడం గురించి చెప్పినది తక్కువే అయినా ముఖ్యం. ముందు పోతున్న పడవను వెనుక నుంచి, అంటే దాని సరిపక్క గీతకన్నా 22.5 డిగ్రీలకు మించి వెనుక దిక్కు నుంచి వచ్చి దాటేవాడు ఎవరైనా, గాలి ఎటు ఉన్నా, తానే దూరంగా ఉండాలి. నేర్చిన విండ్‌సర్ఫర్ నీటి మీద జారుతూ 20 నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పైగా పోగలడు, చిన్న తెరచాప పడవ అయిదారు నాట్లు పోతుంది. కనుక బోర్డులే ఎక్కువగా దాటుతాయి, బాధ్యత కూడా ఎక్కువగా బోర్డులదే. పెద్ద పడవకు మరీ దగ్గరగా దిగువ నుంచి దాటితే దాని తెరచాప మన గాలిని మింగేస్తుంది. శరీరం బరువంతా గాలి మీద ఆన్చి వెనక్కి వాలి నిలబడే మనకు, ఆనుకున్న గోడ తీసేసినట్టు అవుతుంది. సరిగ్గా ఆ పడవ పక్కనే నీళ్లలో పడతాం. నీళ్లలో పడిన మనిషి తల, పరుచుకున్న తెరచాప కెరటాల మధ్య పడవవాడికి ఎంత ఆలస్యంగా కనిపిస్తాయో మమ్మల్ని మోటారు పడవలో తీసుకువెళ్లి చూపించారు. అది చూసిన తరువాత పడిపోయిన ప్రతిసారీ చెయ్యి పైకెత్తడం నాకు అలవాటైంది.

ఢీకొనే ప్రమాదం ఉందో లేదో తేల్చుకునే పద్ధతి ఆ రోజు నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. పడవలో అయితే దిక్సూచితో కొలుస్తారు. దూరం తగ్గుతూ, ఎదుటి పడవ కనిపించే దిక్కు మారకపోతే రెండూ కలుస్తాయని అర్థం. బోర్డు మీద దిక్సూచి ఉండదు, కానీ వెనుక కొండలున్నాయి. మనం తిన్నగా పోతున్నప్పుడు ఎదుటి తెరచాప కైలాసగిరి మీద ఒకే చోట అతికించినట్టు నిలిచి, పెద్దదవుతూ ఉంటే అది మన మీదికే వస్తోంది. దాని ముక్కు కొండను ముందుకు మింగుతూ పోతే మన ముందు నుంచి దాటిపోతుంది, కొండ దాని ముక్కు ముందు బయటపడుతూ ఉంటే మన వెనుక నుంచి పోతుంది. నాలుగు, అయిదు నాట్లతో ఎదురెదురుగా వచ్చే ఇద్దరు కొత్తవాళ్ల మధ్య 50 మీటర్ల దూరం పది సెకన్లలో కరిగిపోతుంది. అందుకే తప్పుకునేవాడు ముందుగానే తప్పుకోవాలి, ఆ మలుపు ఎదుటివాడికి సందేహం లేకుండా కనిపించేంత పెద్దదిగా ఉండాలి. కాస్త ఇటు, కాస్త అటు అన్నట్టు ఊగితే ఎదుటివాడు ఏమీ చదవలేడు.

మత్స్యకారుల విషయం వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ సముద్రం ముందు వారిది. వల వేసి ఉన్న పడవకు తెరచాప పడవలన్నీ తప్పుకోవాలని 18వ నియమం. వల బరువుతో ఉన్న పడవ పక్కకు తిరగలేదు. నాలుగో రోజే అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "అమ్మా, బెండ్లు కనపడితే అటేపు రాకండి, వల కింద ఉంటాది, మీ కత్తి దానికి తగులుతాది," అన్నారు. బెండ్లంటే వలను తేల్చే తేలికపాటి ముక్కలు; బోర్డు కింద రెక్కలా ఉండే ఫిన్‌ను ఆయన కత్తి అన్నారు, అంతకన్నా సరైన మాట నాకు తెలియదు. ఆ కత్తి వలకు తగిలితే మనం బోల్తా పడటం ఒక ఎత్తు, వారి రోజు కూలి తెగిపోవడం ఇంకొక ఎత్తు. ఒడ్డుకూ వల చివరనున్న పడవకూ మధ్యలోకి దూరకూడదన్న మాటను శిక్షణలో భాగం చేయమని నేను గట్టిగా కోరాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజుల్లో సముద్రం ఖాళీగా కనిపిస్తుంది. అయినా మోటారు లేని తెప్పలు, వాటి వలలు అప్పుడు కూడా ఉంటాయి.

జెట్ స్కీలు, మోటారు పడవలు నియమం ప్రకారం తెరచాపకు తప్పుకోవాలి. నడిపేవారందరికీ ఆ సంగతి తెలుసని నమ్మి మాత్రం ప్రాణం పెట్టకండి. హార్బరు వైపు ఓడల దారి జోలికి ఈ సంస్థ ఎవరినీ తీసుకువెళ్లదు. లోతైన ఇరుకు దారిలో తప్ప నడవలేని ఓడకు తెరచాప పడవ అడ్డు రాకూడదన్నది కూడా నియమమే కాబట్టి, ఆ జాగ్రత్త సరైనదే.

అయిదో రోజు అదే తెరచాప పడవ, అదే కుర్రవాడు, నేను కావాలనే పదిసార్లు ఎదురెదురుగా నడిపాము. అయిదుసార్లు అతడు తప్పుకున్నాడు, నేను దారి మార్చకుండా సాగాను. అతడు నా తెరచాప వెనక్కి వెళ్లినప్పుడల్లా బూమ్ కొద్దిగా ఎత్తి కింద నుంచి తొంగి చూడటం నేర్చుకున్నాను. మిగతా అయిదుసార్లు తిరుగుదారిలో నేను తప్పుకున్నాను. పందేలలో కుడి గాలివాడు "స్టార్‌బోర్డ్!" (నావికుల మాటలో కుడి పక్క) అని కేక వేయడం ఆనవాయితీ అట; మేము కూడా అలాగే అరిచాము, కానీ గాలికి ఎగువన ఉన్నవాడికి మన కేక వినిపించదని కూడా అప్పుడే తెలిసింది.

ఈ శిక్షణకు వెళ్లమని చెబుతాను. శిక్షకుడి నైపుణ్యం, ఓపిక, తప్పు ఒప్పుకునే గుణం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయితే డబ్బు కట్టే ముందు మూడు అడగండి. ఇసుక మీద దారి పాఠం మొదటి రోజే పెడతారా? మీకిచ్చే తెరచాప కిటికీలోంచి అవతలి మనిషి ముఖం గుర్తు పట్టగలరా? పడవల బృందం, బోర్డుల బృందం ఒకే సమయంలో నీళ్లలో ఉంటే ఇద్దరికీ ఒకే నియమం చెప్పారా? నా తెరచాప కిటికీ మార్పించినట్టు పోయిన వారం ఫోనులో చెప్పారు. ఈశాన్య గాలిలో ముందుండే చెయ్యి మారుతుంది కాబట్టి, డిసెంబరులో మరో మూడు రోజులకు నేనూ, మా మేనల్లుడూ పేర్లు ఇచ్చాము.